చిన్న కోతలో నరానికి కాపలా: డిస్కు ఆపరేషన్‌లో నాడీ పర్యవేక్షణ ఎక్కడ అక్కరకొస్తుంది?

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు చిట్లి, లోపలి గుజ్జు వెనక్కి జారి నరాన్ని నొక్కడం వల్లే చాలామందిలో తుంటి నుంచి పాదం దాకా లాగే నొప్పి వస్తుందని వైద్యలోకం స్పష్టంగా గ్రహించి ఇంకా వందేళ్లు నిండలేదు. బోస్టన్‌కు చెందిన విలియం మిక్స్టర్, జోసెఫ్ బార్ అనే ఇద్దరు సర్జన్లు 1934లో ప్రచురించిన పత్రంతో ఈ సంబంధం స్థిరపడింది. నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేయడమే ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆపరేషన్ ఉద్దేశం; మారిందల్లా ఆ ముక్క దగ్గరికి చేరే దారి. అప్పట్లో వీపును పొడుగ్గా కోసి, కండరాలను ఎముక నుంచి ఒలిచి, పూస వెనక భాగాన్ని తొలగించి లోపలికి వెళ్లేవారు. ఇప్పుడు రెండు సెంటీమీటర్లకు మించని గాటులోంచి గొట్టం దించి, లేదా చిటికెన వేలి మందమైనా లేని ఎండోస్కోపు పంపి అదే పని చేస్తున్నారు. ప్రమాదం మాత్రం అలాగే ఉంది. ఏ నరాన్ని విడిపించడానికి ఆపరేషన్ మొదలుపెట్టారో, సర్జన్ పనిముట్టుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఆ నరమే.

ఈ ప్రమాదానికి విరుగుడుగా ఆసుపత్రులు చెబుతున్న పేరు న్యూరోమానిటరింగ్, అంటే శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ నాడీవ్యవస్థ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను గమనిస్తూ ఉండడం. రోగి మత్తులో ఉంటాడు, కాలు మొద్దుబారుతోందని చెప్పలేడు. అతని బదులు యంత్రం చెబుతుందన్నది ఇందులోని ఆలోచన. ఆలోచన సరైనదే. అయితే జారిన డిస్కు ఎక్కడుంది, ఏ దారిన దాన్ని చేరుకుంటున్నారు, ఏ సంకేతాన్ని గమనిస్తున్నారు అన్న మూడు విషయాలను బట్టి దీని విలువ పూర్తిగా మారిపోతుంది. ఒక చోట ఇది వదులుకోకూడని సాధనం, ఇంకో చోట దాదాపు అలంకారం. కోత ఎంత చిన్నదన్నది ఈ తేడాను నిర్ణయించదు. ప్రచారంలో మాత్రం ఎక్కువగా ముందుకు వచ్చేది ఆ కోతే.

ముందుగా డిస్కు ఎక్కడుందన్న ప్రశ్న. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గర ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి ఉండేది వెన్నుపాము కాదు, దాని నుంచి విడివడిన నాడీమూలాల కుచ్చు. వైద్యులు దాన్ని కాడా ఈక్వినా అంటారు. ఆపరేషన్ దాకా వచ్చే నడుము డిస్కుల్లో అత్యధికం ఎల్‌4–ఎల్‌5 (నడుము నాలుగో, ఐదో పూసల మధ్య), ఎల్‌5–ఎస్‌1 (నడుము ఐదో పూసకూ దాని కింది త్రికాస్థికీ మధ్య) స్థానాల్లోనే జారతాయి, అంటే వెన్నుపాము ముగిసిన చోటు కంటే బాగా కింద. మెడలోనూ ఛాతీ వెనక భాగంలోనూ జారిన డిస్కు ఎదురుగా ఉండేది సాక్షాత్తు వెన్నుపామే. వెన్నుపాము కాస్త నలిగినా దాని దిగువన ఉన్న శరీరం మొత్తానికి ముప్పు ఏర్పడుతుంది, తిరిగి కోలుకునే శక్తి కూడా దానికి చాలా తక్కువ. నాడీమూలం గాయపడితే ఒక కండరాల గుంపు బలహీనపడవచ్చు, చర్మం మీద ఒక పట్టీ మేర స్పర్శ పోవచ్చు. బాధితుడికి అదీ చిన్న నష్టమేమీ కాదు. ఎల్‌5 మూలం దెబ్బతిని పాదం వాలిపోయినవాడికి మెట్లు ఎక్కడం, చెప్పు జారకుండా నడవడం కష్టమవుతాయి. అయినా ఈ రెండు ముప్పులూ ఒక తూకానివి కావు, రెండింటినీ పసిగట్టే సంకేతాలు కూడా వేరు.

వెన్ను ఆపరేషన్లలో పర్యవేక్షణ పుట్టింది డిస్కుల కోసం కాదు, గూనిని సరిచేసే పెద్ద శస్త్రచికిత్సల కోసం. వంకరపోయిన వెన్నెముకను లోహపు కడ్డీలతో నిటారు చేసేటప్పుడు వెన్నుపాము సాగి దెబ్బతింటే రోగి కాళ్లు పడిపోయిన స్థితిలో మేల్కొనేవాడు. ఫ్రాన్స్‌లోని లియోన్‌కు చెందిన స్టాగ్నారా బృందం 1973లో దీనికి సూటి ఉపాయం చెప్పింది: ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, రోగిని పిలిచి, కాళ్లు కదపమని అడగడం. వేక్‌అప్ టెస్ట్ అనే ఈ పరీక్ష ఈనాటికీ అవసరమైన చోట వాడుకలోనే ఉంది. కాని అది ఆ ఒక్క క్షణపు సంగతి మాత్రమే చెబుతుంది. పరీక్షకు ముందు ఏ నిమిషంలో ఏ పని వల్ల నష్టం జరిగిందో తెలియదు, పరీక్ష తర్వాత జరిగేదీ తెలియదు. ఎడతెగకుండా గమనించే మార్గం కోసం అదే దశకంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లోనూ జపాన్‌లోనూ పరిశోధకులు విద్యుత్ సంకేతాల వైపు మళ్లారు.

అలా వచ్చినవాటిలో మొదటిది ఎస్‌ఎస్‌ఈపీ, స్పర్శ దారిని పరీక్షించే పద్ధతి. చీలమండ లోపలి వైపు ఉండే టిబియల్ నరానికి చిన్న విద్యుత్ ప్రేరణలు వరుసగా ఇస్తారు. ఆ సంకేతం కాలి నరం గుండా నాడీమూలాలకు, అక్కడి నుంచి వెన్నుపాము వెనక భాగం వెంట మెదడుకు చేరుతుంది. ప్రేరణ ఇచ్చిన దాదాపు 37 మిల్లీసెకన్లకు నెత్తి మీద అతికించిన ఎలక్ట్రోడ్ల దగ్గర చిన్న తరంగం కనిపిస్తుంది. అది మెదడు సొంత విద్యుత్ సందడిలో మునిగిపోయేంత చిన్నది కాబట్టి కొన్ని వందల స్పందనల సగటు తీస్తే తప్ప స్పష్టంగా తేలదు. అందుకే ఒక్కో ఫలితానికి కొంత సమయం పడుతుంది. తరంగం ఎత్తు మొదట నమోదైనదానిలో సగానికి పడిపోయినా, అది రావడానికి పట్టే సమయం 10 శాతం పెరిగినా హెచ్చరికగా పరిగణించడం ఆనవాయితీ.

గూని ఆపరేషన్లలో ఈ పద్ధతి సత్తా 1995లో వెలువడిన ఒక పెద్ద సర్వేతో తేటతెల్లమైంది. మార్క్ న్యూవర్ బృందం 51,263 శస్త్రచికిత్సల వివరాలు సేకరించి, అనుభవమున్న పర్యవేక్షకులు ఉన్న చోట నాడీ నష్టాలు తక్కువగా ఉన్నాయని చూపింది. యంత్రం ఉండడానికీ, దాన్ని చదవగల అనుభవజ్ఞుడు ఉండడానికీ మధ్య తేడాను ఆ సర్వే అప్పుడే పట్టిచూపింది. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఈ రంగంలో వచ్చిన వాదోపవాదాల్లో సగం ఈ తేడా చుట్టూనే తిరిగాయి.

ఎస్‌ఎస్‌ఈపీ స్పర్శ మార్గాన్ని చూస్తుంది కాని కదలిక మార్గాన్ని చూడదు. వెన్నుపాము ముందు భాగానికి రక్తం అందక కాళ్ల చలనం పోతున్నా వెనక భాగంలోని సంకేతం మామూలుగానే రావచ్చు. ఈ లోటును తీర్చింది ఎంఈపీ, కదలిక దారిని పరీక్షించే పద్ధతి. తల మీది నుంచే మెదడు చలన కేంద్రాన్ని విద్యుత్‌తో ప్రేరేపించవచ్చని మెర్టన్, మోర్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1980లో చూపారు. ఆపరేషన్ థియేటర్లో దీన్ని కొన్ని వందల వోల్టుల పొట్టి ప్రేరణల గుచ్ఛంగా ఇస్తారు. దాని ఫలితం కాలి కండరాల్లో వెంటనే నమోదవుతుంది. సగటు తీయనవసరం లేదు కాబట్టి ఫలితం సెకన్లలోనే తెలుస్తుంది. అయితే ప్రేరణ ఇచ్చిన ప్రతిసారీ రోగి ఒళ్లు ఒక్కసారి కుదుపుకు లోనవుతుంది కనుక సర్జన్ పనిముట్టును పక్కకు తీసి ఆగాలి. దవడలు గట్టిగా బిగుసుకుని నాలుక తెగే అవకాశం ఉన్నందున నోట్లో మెత్తని అడ్డు పెట్టాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి, తలలో లోహపు పరికరాలు అమర్చినవారికి దీన్ని వాడాలా వద్దా అన్నది ముందుగానే ఆలోచించాలి. ఎంత మేరకు తగ్గితే హెచ్చరికగా తీసుకోవాలన్న విషయంలో ఎంఈపీకి ఎస్‌ఎస్‌ఈపీకి ఉన్నంత ఏకాభిప్రాయం కూడా లేదు.

ఈ రెండూ ప్రధానంగా వెన్నుపాముకు కాపలా. నడుము డిస్కు దగ్గర ప్రమాదంలో ఉండేది ఒక్క నాడీమూలం. అక్కడ ఇవి రెండూ తడబడతాయి. టిబియల్ నరంలోకి నాలుగైదు మూలాల నుంచి పోగులు వచ్చి కలుస్తాయి, కాబట్టి వాటిలో ఒకటి నలిగినా మిగతావి సంకేతాన్ని మెదడుకు చేరవేస్తూనే ఉంటాయి. తెర మీద తరంగం పెద్దగా మారదు. కాలిలోని ప్రతి ముఖ్య కండరానికీ ఒకటి కంటే ఎక్కువ మూలాలు నరాలను పంపుతాయి కనుక ఎంఈపీలోనూ ఇదే చిక్కు. నాడీమూలాల కోసం వాడేది మూడో పద్ధతి, ఈఎంజీ. ఒక్కో మూలం నడిపించే కండరంలో సన్నని సూది ఎలక్ట్రోడ్లు గుచ్చి ఉంచుతారు. ఎల్‌3, ఎల్‌4 కోసం తొడ ముందు కండరం, ఎల్‌4, ఎల్‌5 కోసం మోకాలి కింద ముందు వైపున పాదాన్ని పైకెత్తే కండరం, ఎల్‌5 కోసం బొటనవేలిని పైకెత్తే కండరం, ఎస్‌1 కోసం పిక్క, త్రికాస్థి దగ్గరి కింది మూలాల కోసం మలద్వారపు కండరం. నరం ప్రశాంతంగా ఉన్నప్పుడు కండరం నిశ్శబ్దంగా ఉంటుంది. పనిముట్టు నరాన్ని తాకినా, లాగినా కండరంలో విద్యుత్ పేలుళ్లు మొదలవుతాయి. వాటిని స్పీకర్లో వినిపించేలా పెడతారు. సర్జన్ కళ్లు మైక్రోస్కోపు మీదే ఉన్నా చెవికి ఆ పటపట శబ్దం చేరుతుంది. తాకగానే ఒక్కసారి వినిపించి ఆగిపోయే చప్పుడుకు పెద్ద అర్థం లేదు. ఎడతెరిపి లేకుండా సాగే వరుస శబ్దం వస్తే మాత్రం చేయి వెనక్కి తీయాలి.

ఈఎంజీకీ గట్టి పరిమితులు ఉన్నాయి. పదునైన కత్తి ఒక్క వేటుతో నరాన్ని తెంపేస్తే అది పెద్దగా అరవకపోవచ్చు. అరిచేది నలుగుతున్న, సాగుతున్న నరం. చల్లని సెలైన్‌తో కడిగినా, రక్తస్రావం ఆపే విద్యుత్ పరికరం వాడినా ఏ హానీ లేకుండానే చప్పుళ్లు వస్తాయి. నెలల తరబడి డిస్కు కింద నలిగిన నరం ఆరోగ్యవంతమైన నరమంత సులభంగా స్పందించదు. అంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన నరం దగ్గరే యంత్రం తక్కువ మాట్లాడుతుంది. పైగా ఈఎంజీ కండరాలను నడిపే పోగుల సంగతే చెబుతుంది, నొప్పిని మోసే పోగుల సంగతి చెప్పదు. రోగి ఆపరేషన్‌కు వచ్చిందేమో నొప్పి కోసం.

ఇక దారి సంగతి. కాస్పర్, యాసర్గిల్ 1977లో మైక్రోస్కోపుతో చేసే డిస్కు శస్త్రచికిత్సను ప్రపంచానికి పరిచయం చేశారు. ఫోలీ, స్మిత్ 1997లో కండరాలను కోయకుండా పక్కలకు ఒత్తుకుంటూ వెళ్లే గొట్టం పద్ధతిని ముందుకు తెచ్చారు. ఈ రెండింటిలోనూ సర్జన్ వెనక వైపు నుంచే వెళ్తాడు, నాడీమూలాన్ని కళ్లారా చూస్తాడు, దాన్ని సన్నని హుక్కుతో పక్కకు జరిపి దాని కింద ఉన్న డిస్కు ముక్కను పట్టి లాగుతాడు. గాటు చిన్నదైతే సర్జన్‌కు ఏమీ కనిపించదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మైక్రోస్కోపు, ఎండోస్కోపు ఇచ్చే వెలుగూ, పెద్దదిగా చూపే శక్తీ పాతకాలపు పొడుగాటి కోతలో దొరికేవి కావు. తగ్గిపోయేది చుట్టుపక్కల ఆనవాళ్లు. గొట్టం ఒక పక్కకు ఒరిగితే ఆ ఒరిగిన మేరే లోకంగా కనిపిస్తుంది, దారి తప్పామన్న స్పృహ ఆలస్యంగా కలుగుతుంది. దానికి మందు థియేటర్లో తీసే ఎక్స్‌రే చిత్రాలు, సర్జన్ అనుభవం. ఏ పూస దగ్గర ఉన్నామో నరాల సంకేతాలు చెప్పవు. నెదర్లాండ్స్‌లో 328 మంది రోగులతో జరిపి 2009లో ప్రచురించిన పరీక్షలో గొట్టం పద్ధతి ఫలితాలు మామూలు మైక్రోస్కోపు పద్ధతి కన్నా మెరుగ్గా ఏమీ లేవని తేలిందన్న సంగతిని కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. చిన్న గాటుకు సహజంగానే ఏదో మహిమ ఉందన్న నమ్మకాన్ని ఆ ఫలితం కాస్త తగ్గించింది.

పక్క నుంచి వెళ్లే ఎండోస్కోపిక్ పద్ధతి కథ వేరు. పూసల మధ్య నుంచి నరం బయటికి వచ్చే రంధ్రం గుండా, కాంబిన్ త్రికోణం అని పిలిచే చోటి నుంచి ఇందులో డిస్కులోకి ప్రవేశిస్తారు. ఆ త్రికోణానికి ఒక అంచు బయటికి వెళ్లే నాడీమూలమే. ఆ మూలం మీదే నొప్పి కణాల ముడి ఒకటి ఉంటుంది. దాన్ని కాస్త ఒత్తినా ఆపరేషన్ తర్వాత వారాల తరబడి కాలు మంటలు పుడుతున్నట్టు ఉండవచ్చు. కళ్లతో చూసేలోపు సూది, గొట్టం గుడ్డిగా, ఎక్స్‌రే ఆధారంతో వెళ్లాల్సిన దూరం కొంత ఉంటుంది. పర్యవేక్షణ నిజంగా అక్కర్లోకి వచ్చేది ఆ కొద్ది నిమిషాల్లోనే. ఇక్కడ చాలామంది సర్జన్లు ఏ యంత్రమూ లేకుండానే ఈ సమస్యను దాటుతున్నారు: రోగిని పూర్తిగా నిద్రపుచ్చకుండా, ఆ ప్రాంతానికి మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, తేలికపాటి మగతలో ఉంచి ఆపరేషన్ చేస్తారు. గొట్టం నరాన్ని ఆనుకోగానే రోగి కాలు ఝుమ్మంటోందని చెబుతాడు. బొటనవేలు పైకెత్తమంటే ఎత్తుతాడు. స్పర్శ, చలనం, నొప్పి మూడింటినీ ఒకేసారి, ఒక్క నాడీమూలం మేరకు విడదీసి చెప్పగల సాధనం మెలకువగా ఉన్న మనిషిని మించినది ఇంకా రాలేదు. బోర్లా పడుకుని గంట సేపు కదలకుండా ఉండలేనివారు, భయస్తులు, ఊపిరి సమస్యలున్నవారు దీనికి ఒప్పుకోలేరు, ఒప్పుకోనవసరమూ లేదు. పూర్తి మత్తు ఇచ్చి ఇదే ఎండోస్కోపిక్ ఆపరేషన్ చేస్తున్నప్పుడు ఈఎంజీ పెట్టడంలో అర్థముంది. రోగి గొంతును మత్తు నొక్కేసింది కనుక కండరాలతోనైనా మాట్లాడించాలి.

మత్తు మందులకూ పర్యవేక్షణకూ ఉన్న పేచీ బయటివారికి అంతగా తెలియదు. పొట్ట మీద పడుకోబెట్టిన రోగి కదలకుండా, కండరాలు వదులుగా ఉండేందుకు మత్తు డాక్టర్లు మామూలుగా కండరాలను సడలించే మందు ఇస్తారు. ఆ మందు బలంగా పనిచేస్తున్నంతసేపూ ఈఎంజీ నిశ్శబ్దంగానే ఉంటుంది, నరం నలిగినా సరే. ఎంఈపీ కూడా రాదు. ఊపిరి గొట్టం వేయడానికి ఒక్కసారి ఇచ్చి, తర్వాత దాని ప్రభావం పోయేదాకా ఆగాలి. మణికట్టు దగ్గర నరానికి వరుసగా నాలుగు ప్రేరణలు ఇచ్చి, బొటనవేలు నాలుగుసార్లూ కదిలితే మందు తగినంత దిగిపోయిందని నిర్ధారిస్తారు. పీల్చే మత్తు వాయువులు ఎంఈపీని బాగా అణచివేస్తాయి కాబట్టి ప్రొపొఫాల్, నొప్పి తగ్గించే ఓపియాయిడ్ మందులను రక్తనాళంలోకి ఎక్కించే పద్ధతిని ఎంచుకుంటారు. మత్తు డాక్టర్‌తో ఈ సంగతులు ముందుగా మాట్లాడుకోని థియేటర్లో తెర మీద కనిపించే చదునైన గీతకు అర్థం నరం క్షేమంగా ఉందని కాదు, అసలు ఎవరూ దాన్ని అడగడం లేదని. ఈ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుంచుకోదగ్గది ఉంటే అది ఇదే కావచ్చు.

హెచ్చరిక వచ్చిందనుకుందాం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ గేజీ వరదను ఆపదు, లోతట్టు ఊళ్లవారు కదలడానికి సమయం ఇస్తుంది. నాడీ పర్యవేక్షణ కూడా సమాచారమే తప్ప రక్షణ కాదు. రక్షణ ఆ తర్వాత మనుషులు చేసే పనుల్లో ఉంది. సంకేతం పడిపోగానే సర్జన్ పని ఆపుతాడు, నరాన్ని లాగుతున్న హుక్కును వదులు చేస్తాడు, చివరగా చేసిన పనిని వీలైతే వెనక్కి తిప్పుతాడు. మత్తు డాక్టర్ రక్తపోటు చూసి, తక్కువగా ఉంటే పెంచుతాడు. ఒంటి వేడి, రక్తంలో ఆక్సిజన్, ఈ మధ్యే ఏదైనా మందు ఇచ్చారా అన్నవి సరిచూస్తాడు. సాంకేతిక నిపుణుడు ఎలక్ట్రోడ్లు ఊడాయా, చేయో కాలో టేబుల్ అంచున నలుగుతోందా అని పరిశీలిస్తాడు. గాబరాలో ఏ పనీ మరిచిపోకుండా ఉండేందుకు గూని ఆపరేషన్లు చేసేవారు రాతపూర్వక చెక్‌లిస్టులు తయారు చేసుకున్నారు. డిస్కు థియేటర్లలో అవి అంతగా కనిపించకపోవడం ఆశ్చర్యమే. గోడకు అంటించిన ఒక్క కాగితానికి అయ్యే ఖర్చు యంత్రం అద్దెతో పోల్చదగ్గది కాదు.

ఇప్పటికి పోగైన రుజువులు కూడా ఈ తేడాలనే చూపుతున్నాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, అమెరికన్ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సొసైటీ కలిసి 2012లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, వెన్నుపాము ప్రమాదంలో ఉన్న ఆపరేషన్లలో ఎస్‌ఎస్‌ఈపీ, ఎంఈపీ పర్యవేక్షణ కాళ్లు చచ్చుబడే ముప్పును ముందుగా పసిగట్టగలదు. అదే దేశపు న్యూరోసర్జన్ల సంఘాలు 2014లో నడుము పూసలను కలిపే శస్త్రచికిత్సల మీద ప్రచురించిన మార్గదర్శకాలు మాత్రం, పర్యవేక్షణ వల్ల నరాల గాయాలు తగ్గాయనడానికి నమ్మదగిన రుజువు దొరకలేదన్నాయి. పసిగట్టడం వేరు, నివారించడం వేరు. పైగా ఇక్కడ చెప్పింది స్క్రూలు, కడ్డీలు బిగించే పెద్ద ఆపరేషన్ గురించి. ఎల్‌4–ఎల్‌5 దగ్గర ఒక ముక్క తీసే మామూలు ఆపరేషన్‌లో నాడీమూలానికి శాశ్వత గాయం అంతకన్నా అరుదు. అరుదైన నష్టాన్ని కనిపెట్టే పరికరం ఎక్కువగా మోగేది తప్పుడు హెచ్చరికలతోనే. ఆ ఆపరేషన్‌లో రోగిని నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, అదే డిస్కు మళ్లీ జారడం, పొరపాటున పై పూసో కింది పూసో తెరవడం. వీటిలో దేన్నీ ఈ యంత్రం ఆపలేదు.

ఛాతీ వెనక భాగంలో జారిన డిస్కు విషయంలో తూకం పూర్తిగా తిరగబడుతుంది. ఆపరేషన్ దాకా వచ్చే డిస్కుల్లో ఇవి చాలా తక్కువ. అక్కడ వెన్నునాళం ఇరుకు, వెన్నుపాముకు రక్తం అందించే నాళాలు తక్కువ, డిస్కు తరచూ సున్నంలా గట్టిపడి ఉంటుంది. ఒకప్పుడు వెనక నుంచి వెళ్లి వెన్నుపామును పక్కకు జరిపి వాటిని తీయబోయి ఎందరో రోగుల కాళ్లు పడిపోయేలా చేశారు. అందుకే ఆ దారి వదిలేసి పక్క నుంచి, ఛాతీ లోపలి నుంచి వెళ్లే మార్గాలు వచ్చాయి. ఇప్పుడు వాటిలోనూ చిన్న గాట్లు, ఎండోస్కోపులు చేరాయి. అక్కడ ఎస్‌ఎస్‌ఈపీ, ఎంఈపీ రెండూ కలిపి వాడడం గురించి పెద్దగా వాదన లేదు. మెడలో వెన్నుపాము అప్పటికే నలిగి నడక తడబడుతున్న రోగికి కూడా దాదాపు ఇదే వర్తిస్తుంది. తల వెనక్కి వాల్చి పడుకోబెట్టగానే సంకేతం పడిపోయిందని గమనించి, గాటు పెట్టకముందే మెడను సరిచేసుకునే అవకాశం దొరుకుతుంది.

పర్యవేక్షణ లేకుండా ఊహించలేని పద్ధతి ఇంకొకటి ఉంది. బ్రెజిల్ సర్జన్ లూయిజ్ పిమెంటా, ఆయన సహచరులు 2006లో వివరించిన పక్కవాటు మార్గంలో, పాడైన డిస్కును తీసి పంజరం లాంటి ముక్కను అమర్చడానికి నడుము పక్కన ఉన్న సోయాస్ కండరం మధ్య నుంచి వెళ్తారు. కాలి నరాల అల్లిక ఆ కండరం లోపలే ఉంటుంది, కంటికి కనిపించదు. అందుకని లోపలికి దించే కడ్డీ కొస నుంచే విద్యుత్ ప్రేరణ పంపి, తొడ కండరం ఎంత కరెంటుకు స్పందిస్తోందో చూస్తారు. 5 మిల్లీఆంపియర్ల లోపే స్పందిస్తే కొస నరాన్ని దాదాపు ఆనుకుని ఉందని, 10 దాటితే తగినంత దూరంలో ఉందని లెక్క. కడ్డీని గుండ్రంగా తిప్పుతూ నరం ఏ వైపు ఉందో కూడా తెలుసుకుంటారు. ఇక్కడ యంత్రం కాపలాదారు మాత్రమే కాదు, దారి చూపేది కూడా. సర్జన్ అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు ఇస్తుంది. నాడీ పర్యవేక్షణ అత్యంత ఫలప్రదంగా ఉన్నది ఇలా ప్రశ్న స్పష్టంగా ఉన్న చోటే.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. అమెరికాలో చాలా ఆసుపత్రుల థియేటర్లో సాంకేతిక నిపుణుడు ఉంటాడు, సంకేతాలను చదివే వైద్యుడు ఎక్కడో దూరంలో కంప్యూటర్ ముందు ఉంటాడు. ఒకే వైద్యుడు ఏకకాలంలో చాలా ఆపరేషన్లను చూస్తున్నాడన్న ఆందోళన పెరిగాక, అక్కడి ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2013 నుంచి నిబంధన మార్చి, దూరం నుంచి చేసే పర్యవేక్షణకు పావుగంటల లెక్కన, ఆ పావుగంటంతా ఒక్క రోగి మీదే దృష్టి పెట్టినప్పుడే చెల్లిస్తామంది. అమెరికాలో వెన్ను ఆపరేషన్ చేయించుకునే తెలుగువారికి సర్జన్ బిల్లుతో సంబంధం లేకుండా మూడో సంస్థ పేరుతో బిల్లు రావడానికి దూరం నుంచి చదివే ఈ ఏర్పాటే మూలం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలోని ఆసుపత్రుల్లో కీహోల్ డిస్కు ఆపరేషన్లు ఇప్పుడు మామూలైపోయాయి. పర్యవేక్షణ ఖర్చును ప్యాకేజీలో చేర్చినా విడిగా వేసినా అడగవలసిన ప్రశ్నలు అవే. డిస్కు ఏ పూస దగ్గర జారింది, ఏ సంకేతాన్ని గమనిస్తారు, థియేటర్లో దాన్ని చదివేది ఎవరు, మత్తు పద్ధతిని దానికి తగ్గట్టు మారుస్తారా? వీటికి సర్జన్ సూటిగా జవాబు చెప్పగలిగితే యంత్రం ఉన్నా లేకున్నా రోగి మంచి చేతుల్లోనే ఉన్నట్టు. ఎల్‌5–ఎస్‌1 దగ్గర సాదా ముక్క తీయడానికి న్యూరోమానిటరింగ్ లేదని సర్జన్ చెబితే అది లోపం కాదు. ఛాతీ వెనక డిస్కుకు లేదంటే వేరే ఆసుపత్రి వెతుక్కోవడం మేలు.

ఒక్క సందర్భంలో ఈ ప్రశ్నలన్నీ పక్కన పెట్టాలి. పెద్ద డిస్కు ముక్క జారి కాడా ఈక్వినాను మొత్తంగా నొక్కితే మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడడం మొదలవుతాయి. లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు, వీలైతే అంతకన్నా ముందే ఒత్తిడి తొలగించాలన్నది సర్జన్లలో ఎక్కువమంది పాటించే లెక్క. ఆ నరాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి, ఆపరేషన్‌కు ముందు తీసే తొలి సంకేతమే సరిగా రాదు. పోల్చి చూడడానికి మొదటి నమోదు లేనప్పుడు యంత్రం చెప్పగలిగేది తక్కువ. పర్యవేక్షణ సదుపాయం ఉన్న ఊరికి తరలించాలని గంటలు పోగొట్టుకోవడం కన్నా, మైక్రోస్కోపు, నమ్మకమైన సర్జన్ ఉన్న దగ్గరి థియేటర్లో ఆ రాత్రే ముక్క తీయించడం సరైన పని.